కాల్గరీలో దీపాలు పెట్టే వేళ

అక్టోబర్ 16, బుధవారం

పొద్దున్నే మొదలైంది రభస. ఆరుంబావు. బయట కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. ఇషిత లేవదు. మూడుసార్లు పిలిచాను, నాలుగోసారి దుప్పటి లాగేశాను. "నానమ్మా, ఇట్స్ లిటరల్లీ నైట్" అంది, కళ్ళు కూడా తెరవకుండా. పదిహేనేళ్ళ పిల్ల పెద్దవాళ్ళతో మాట్లాడే మాటేనా అది!

నన్ను జూన్‌లో ఇక్కడికి పిలిపించుకున్నదే ఇందుకు. కోడలు మృదుల తెల్లారగట్ల ఐదున్నరకే హాస్పిటల్ ల్యాబ్‌కి వెళ్ళిపోతుంది. మావాడు వంశీ అర్ధరాత్రి దాటేదాకా ఇండియా టీంతో కాల్స్ మాట్లాడి పొద్దెక్కేదాకా లేవడు. "అమ్మా, నువ్వొచ్చి పిల్లని లేపితే చాలు, ఇంకే పనీ చెయ్యక్కర్లేదు" అన్నాడు ఫోన్లో. లేపడం నాకు చెప్పాలా! బాపట్లలో ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా చేసి రిటైరయినదాన్ని. నాలుగున్నరకి గంట కొడితే ఐదింటికల్లా రెండొందల మంది పళ్ళు తోముకుని ప్రార్థనకి నిలబడేవాళ్ళు. ఒక్క పిల్ల నాకొక లెక్కా?

దీని స్కూలేమో ఊరికి ఆ చివర. మా వీధి చివరే ఒకటుంది కానీ అందులో ఆర్కెస్ట్రా లేదు. ఈవిడగారికి ఆర్కెస్ట్రా కావాలి, వయొలిన్. ఎవరి రికమెండేషనూ లేకుండా తనే వెళ్ళి వాయించి సీటు తెచ్చుకుంది, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. ఎనిమిదింటికి మొదటి పీరియడ్ అదే. బస్సెక్కి, ట్రైనెక్కి పోవాలి. ఏడుకి ముందే గడప దాటాలి.

ఇవాళ దాటింది. ఒక కాలికి మేజోడు లేకుండా.

అక్టోబర్ 17

సాయంత్రం ఆరున్నరకి చూస్తే సోఫాలో నిద్ర. లేపేశాను. దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఒళ్ళు వాల్చకూడదు, తల దువ్వకూడదు, ఊడవకూడదు. మా అమ్మ ఇంట్లో అంతే, మా అత్తగారింట్లో అంతే, నా హాస్టల్లో అంతే. కెనడాలో ఉన్నంత మాత్రాన సంధ్యవేళ సంధ్యవేళ కాకపోతుందా?

నేనొచ్చిన కొత్తలో ఇక్కడ పొద్దుగూకేది పదింటికి. పదింటికి దీపం పెట్టాకే పిల్లని పడుకోనిచ్చాను. మృదుల ఏదో గొణిగింది. గొణుక్కోనీ.

నవంబర్ 3, ఆదివారం

చలికాలం రాగానే ఈ దేశంలో గడియారాలన్నీ గంట వెనక్కి తిప్పుకుంటారట, ఇవాళ తిప్పారు. వంశీ ఓవెన్ దగ్గరా, కారులోనూ గంట తగ్గించుకుంటూ తిరుగుతున్నాడు. "ఒక గంట ఎక్స్‌ట్రా నిద్ర అమ్మా, ఎంజాయ్" అన్నాడు. నిద్ర వీడి బాబు సొమ్మయినట్టు పంచిపెడుతున్నాడు.

టిఫిన్ దగ్గర మొగుడూ పెళ్ళాం దీనిమీదే పడ్డారు. మూడేళ్ళ క్రితం ఈ రాష్ట్రంలో ఓటు పెట్టారట, ఏడాది పొడుగునా ఎండాకాలపు టైమే ఉంచేద్దామా అని. వంశీ ఉంచమన్నాడట. సాయంత్రం వెలుతురుంటే ఆఫీసు నుంచి వచ్చి క్రికెట్ ఆడుకోవచ్చని.

"నీకేం, నువ్వు లేచేసరికి సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. చలికాలం తొమ్మిదిన్నర దాకా తెల్లారకపోతే చీకట్లో అద్దం మీద మంచు గీకి కారు తీసేది నేను" అంది మృదుల.

"అందుకే నువ్వు నో వేశావ్, నా ఓటు వేస్ట్ చేశావ్."

"నీది నా ఓటుని వేస్ట్ చేసింది."

రాష్ట్రంలో జనం కూడా వీళ్ళలాగే సరిగ్గా సగానికి చీలారట. రవ్వంత తేడాతో కాదన్నవాళ్ళు గెలిచారు. నన్నడిగినవాడు లేడు. అడిగితే ఇద్దరికీ పెట్టేదాన్ని గడ్డి. సూర్యుడు లేచినప్పుడు లేవడం, పడుకునే వేళకి పడుకోవడం మనిషి పని. దానికి ఓటేవిటి?

కార్తీకం రెండోరోజు. నిన్న ఆరుంబావుకి పెట్టిన దీపం ఇవాళ ఐదుంబావుకి పెట్టాల్సొచ్చింది. ఒళ్ళు మండిపోయింది.

నవంబర్ 4

పిల్ల ఒక్క పిలుపుకి లేచింది. కిటికీలో కాస్త వెలుతురొచ్చింది, కాబట్టి లేచిందంటాడు వంశీ. నా స్టీలు పళ్ళెం, గరిటె మోతకి లేచిందంటాను నేను.

నవంబర్ 21, గురువారం

మళ్ళీ చీకటే. పది రోజుల్లో ఆ వెలుతురు కాస్తా ఎగిరిపోయింది. పళ్ళెం వాయించినా లేవడంలేదు. ఈ వారంలోనే రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళింది. నేను టైముకే లేపాను.

రెండిళ్ళ అవతల జ్ఞానవతి గారు కనిపించారు. భీమవరం వాళ్ళు, ఇక్కడ ముసలివాళ్ళ హోమ్‌లో రాత్రి డ్యూటీ. పొద్దున తొమ్మిదింటికి ఆవిడ ట్రైను దిగి వస్తుంటే, నేను గుమ్మం ముందు మంచు తోస్తూ ఉంటాను. "వందనాలండీ వార్డెన్ గారూ" అంటుంది ఎప్పుడూ నవ్వుతూ. రాత్రంతా మేలుకున్న మనిషికి ఆ నవ్వెక్కడ్నుంచి వస్తుందో!

పిల్ల సంగతి చెప్పి నా గోడు వెళ్ళబోసుకున్నాను. అంతా విని ఆవిడ అంది కదా, "మా హోమ్‌లో పెద్దోళ్ళకి కూడా అంతేనండీ. పొద్దుగూకే వేళయ్యిందంటే కోపాలు ఎక్కువైపోతాయి. కసురుకుంటారు, చేతిలో ఉన్నది విసిరేస్తారు. గడియారం మార్చిన నెల మరీను. ఆళ్ళ తప్పు కాదండీ, వెలుతురు సరిపోక."

నేను పిల్ల గురించి మాట్లాడుతుంటే పెద్దోళ్ళ గురించి ఎందుకెత్తినట్టు? నన్ననడానికేనా? నాకేమన్నా పిచ్చా, వెర్రా? నేను విసిరేసింది గరిటె. అదీ ఒక్కసారి. గోడకి తగిలింది.

రేపట్నుంచి ఆవిడతో మాట్లాడను.

డిసెంబర్ 12, గురువారం

ఇవాళ ఇంట్లో పెద్ద గొడవ. నా తప్పేం లేదని ముందే రాసుకుంటున్నాను.

నాలుగుంబావుకి వచ్చింది. వయొలిన్ పెట్టె గుమ్మంలో, బ్యాగు మెట్ల మీద. వేసుకున్న కోటు విప్పకుండా, బూట్లతోనే సోఫాలో బోర్లా పడింది. అప్పటికే బయట పొద్దు వాలిపోతోంది. నేను దీపంలో నూనె పోస్తున్నాను.

"ఇషీ, లే. దీపాలు పెట్టే వేళ."

పలకదు.

"లేమంటే నిన్నే! ఆ బూట్లేవిటి, ఆ పడుకోవడమేవిటి? లేచి మొహం కడుక్కో."

చెయ్యి పట్టుకుని లేపి కూర్చోబెట్టాను. కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. చెంబులో నీళ్ళు తెచ్చి మొహాన చిలకరించాను. అప్పుడు లేచింది. లేచి అరిచింది. ఎప్పుడూ గొంతెత్తని పిల్ల, ఇల్లెగిరిపోయేట్టు అరిచింది.

"వెన్ ఐ లీవ్ ఇట్స్ డార్క్, యూ వోంట్ లెట్ మీ స్లీప్! వెన్ ఐ కమ్ బ్యాక్ ఇట్స్ డార్క్, యూ వోంట్ లెట్ మీ స్లీప్! శాటర్‌డే ఆల్సో యూ వోంట్ లెట్ మీ స్లీప్! వెన్ యామ్ ఐ అలౌడ్, నానమ్మా? టెల్ మీ వెన్!"

ఎప్పుడేవిటి, తొమ్మిదింటికి పడుకోవచ్చు. పదకొండున్నర దాకా గదిలో లైటెందుకు వెలుగుతుంది? హోంవర్కంటుంది. నా హాస్టల్లో పిల్లలు హోంవర్కు చెయ్యలేదా? ఫోను, అంతా ఆ ఫోను. వంశీ వారం నుంచి రాత్రిళ్ళు ఫోను తన దగ్గరే పెట్టుకుంటున్నాడు కానీ అదే అయ్యుంటుంది.

మృదుల పరుగెత్తుకొచ్చి నన్ను పక్కకి జరిపింది. పిల్ల తడిసిన కోటు విప్పి హీటర్ మీద ఆరేసింది. దీపం పెట్టాను. వత్తి రెండుసార్లు ఆరిపోయింది.

డిసెంబర్ 13

నేను నిద్రపోలేదు. మధ్యాహ్నం భోంచేసి సోఫాలో కళ్ళు మూసుకున్నానంతే. వంశీ ఫోటో తీసి నవ్వుతున్నాడు. వెధవ.

డిసెంబర్ 21, శనివారం

స్కూలు లేదు. సూర్యుడు ఎనిమిదిన్నర దాటాక వచ్చాడు. వచ్చాక మంచం మీద ఉండకూడదు కదా, పిల్లని లేపేశాను. శీతాకాలం సెలవులు కూడా ఈరోజు నుంచేనట. అందరూ నన్ను శత్రువుని చూసినట్టు చూస్తున్నారు.

నేను కూడా ఎనిమిదింటికే లేచాను. అంటే మెలకువ ముందే వచ్చింది. లేవలేదంతే. నాలుగున్నరకి లేచి ఏం చెయ్యాలి ఇక్కడ, నాలుగు గంటలు చీకట్లోకి చూస్తూ?

జనవరి 20, సోమవారం

స్కూలువాళ్ళు పిలిపించారు. వంశీ, మృదుల ఇద్దరూ సెలవు పెట్టి వెళ్ళారు. ఆర్కెస్ట్రా టీచరు మంచిగానే మాట్లాడిందట. ఇషిత బాగా వాయిస్తుందట. కానీ మొదటి పీరియడ్‌కి తలుపు వేసేశాక వచ్చే మనిషిని మాటిమాటికీ లోపలికి రానిస్తే మిగతావాళ్ళకి అన్యాయమట. వెయిటింగ్‌లో ఇంకో పిల్ల ఉందట. ఇక ఒక్కసారి ఆలస్యమైనా, రాకపోయినా సీటు ఆ పిల్లకే. ఆర్కెస్ట్రా సీటు పోతే ఆ స్కూల్లో ఉండటానికీ లేదు, ఈ ఏరియా స్కూలుకే రావాలి.

వంశీ కారులో మొదలుపెట్టి ఇంట్లోకి వచ్చి, మెట్లెక్కి దాని గది తలుపు దగ్గర నిలబడి అరిచాడు. "లేజీ! లేజీ! నీకు అన్నీ ఇచ్చాం, లేవడం ఒక్కటి చేతకాదు!" దాని వయసులో వాణ్ణి నేనే లేపేదాన్ని, నాలుగు దెబ్బలు వేసి. ఆ సంగతి మర్చిపోయాడు.

పిల్ల ఏడవలేదు. "ఐ వాంట్ ఇట్ మోర్ దాన్ యూ డూ, డాడ్" అంది మెల్లిగా. వీడికి వినపడలేదు. నాకు వినపడింది.

అలారం పావుగంట ముందుకి జరిపాను. రేపట్నుంచి ఆరుకే లేపుతాను. ఆరుంబావు కాదు.

ఫిబ్రవరి 6

లేచింది. టైముకి వెళ్ళింది. చలి చంపేస్తోంది.

ఫిబ్రవరి 7

లేచింది. నేనే పళ్ళెం పట్టుకుని గోడకి ఆనుకుని కునికానట. అబద్ధం.

ఫిబ్రవరి 27, గురువారం

ఇవాళ లేపడానికి వెళ్తే లేచి కూర్చుని ఉంది! కిటికీ తెర పక్కకి లాగి చూస్తోంది. "నానమ్మా, లుక్. పింక్" అంది. తూర్పున ఆకాశం ఎర్రబడింది. ఇద్దరం ఆ మంచం మీదే కూర్చుని చూశాం కాసేపు. నా భుజానికి తల ఆనించింది. డిసెంబర్ తర్వాత ఇదే మొదటిసారి నన్ను ముట్టుకోవడం.

స్కూలువాళ్ళు పిలిచిన దగ్గర్నుంచి ఒక్కరోజు ఆలస్యం లేదు. ఏప్రిల్‌లో పెద్ద కచేరీ ఉందట, దీని చేత కాసేపు ఒంటరిగా కూడా వాయింపిస్తారట. ఇంట్లో వినిపించింది. ఆ పాటేవిటో నాకు తెలియదు. బావుంది.

చూశారా, క్రమశిక్షణ అంటే ఇదీ. వెలుతురు గిలుతురు ఏమీ కాదు.

మార్చి 9, ఆదివారం

దొంగలు. పచ్చి దొంగలు.

మళ్ళీ గడియారం తిప్పారు, ఈసారి ముందుకి. నిన్న ఏడింటికి వచ్చిన సూర్యుడు ఇవాళ గడియారం ప్రకారం ఎనిమిదికి వచ్చాడు. అంటే రేపు ఆరింటికి పిల్లని లేపితే, నిన్నటి లెక్కకి అది ఐదు. డిసెంబర్ చీకటి తెచ్చి మళ్ళీ మా నెత్తిన పోశారు. నాలుగు నెలలు చీకట్లో పడి దేక్కుంటూ ఇప్పుడిప్పుడే వెలుతురు మొహం చూస్తున్నాం. అది కూడా ఓర్వలేకపోయారు.

వంశీకి మాత్రం సంతోషం. "సాయంత్రం ఏడున్నర దాకా వెలుతురమ్మా! మంచు కరిగితే ప్రాక్టీస్ మొదలుపెట్టొచ్చు." చేతిలో ఉన్న అట్లకాడ విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. విసరలేదు.

ఇషిత రాత్రి తొమ్మిదింటికే పడుకుంది పాపం, తనంతట తనే. నిద్ర రాలేదట. పది దాటాక కిందికొచ్చి నీళ్ళు తాగి, "దే టుక్ ఇట్ బ్యాక్" అంది. నేను వెళ్ళి పడుకో అన్నాను. ఇంకేం చెప్పను?

మార్చి 10, సోమవారం

కదిలించి, కుదిపి, కూర్చోబెట్టి పంపాను. కళ్ళు మూసుకునే బూట్లు వేసుకుంది. టైముకే పంపాను. టైముకే పంపాను నేను.

స్కూలు నుంచి ఫోను. రాలేదట.

మార్చి 11, మంగళవారం

నిన్న రాత్రి రాయలేదు. ఇంట్లో లైటు లేదు. ఎందుకు లేదో ఇప్పుడు రాస్తాను.

ఫోన్లో మాట్లాడింది మనిషి కాదు, మెషీను. మీ విద్యార్థి మొదటి పీరియడ్‌కి హాజరు కాలేదని చెప్పి పెట్టేసింది. పిల్ల ఫోను మోగుతోంది, ఎత్తదు. వంశీని లేపాను. "ఫ్రెండ్స్‌తో ఎక్కడికైనా వెళ్ళుంటుందమ్మా, టీనేజర్స్ కదా" అన్నాడు కళ్ళు నులుముకుంటూ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒరేయ్, బయట గడ్డకట్టే చలి. ఆడపిల్ల. లేస్తావా, నన్ను చంపమంటావా?" అన్నాను. అప్పుడు లేచి కారు తీసుకుని స్కూలువైపు పోయాడు.

నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. కోటు తగిలించుకుని బస్సెక్కి ట్రైన్ స్టేషన్‌కి పోయాను. ఫోను వంటగట్టు మీదే వదిలేశానని అక్కడికెళ్ళాక గుర్తొచ్చింది. ఇక చేసేదేముంది? ప్లాట్‌ఫాం మీద నిలబడి, వచ్చిన ప్రతి ట్రైన్‌లోకీ తొంగిచూశాను. ఒక్కో పెట్టె దగ్గరికీ పరిగెత్తి కిటికీలోంచి చూడటం, అది వెళ్ళిపోవడం. ఎవరో కుర్రవాడు "ఆర్ యూ ఓకే?" అన్నాడు. కాదు అన్నాను తెలుగులోనే.

ఎన్ని ట్రైన్లు పోయాయో తెలియదు. ఒకదాంట్లో కనపడింది. కిటికీ పక్కన మా ఇషిత, ఒళ్ళో వయొలిన్ పెట్టె. పక్కన జ్ఞానవతి గారు. ఆవిడ భుజం మీద తలవాల్చి నిద్రపోతోంది, నోరు తెరుచుకుని, చిన్నపిల్లలాగా.

తలుపు తెరుచుకుంది. "ఇషీ!" అని అరవబోయాను. జ్ఞానవతి గారు నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది. ష్ అంది నన్ను! జీవితంలో నన్నెవరూ ష్ అనలేదు. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. తలుపులు మూసుకుపోతుంటే లోపలికి ఎక్కేశాను.

పిల్లకి ఇటుపక్క నేను కూర్చున్నాను. ఆ స్టేషన్ ఈ చివరది. ట్రైను మళ్ళీ ఊరికి ఆ చివరకి బయల్దేరింది.

"ఎక్కడ దొరికింది?" అన్నాను. గొంతు తగ్గించడం నాకు చేతకాదు, కష్టపడి తగ్గించాను.

"డ్యూటీ దిగి ట్రైనెక్కితే అందులోనే ఉందండీ. స్కూలు స్టేషన్‌లో దిగకుండా నిద్దట్లో అటు చివరిదాకా పోయి, అదే ట్రైన్‌లో ఎనక్కి వస్తోంది పాపం. మన స్టేషన్ వచ్చింది, దింపబుద్ధి కాలేదు. ఇట్టాగే ఒక చుట్టు తిరిగొచ్చాం. మీకు నాలుగుసార్లు ఫోన్ చేశానండీ."

"లేపలేదా?"

"ఒకసారి లేపానండీ."

"లేపితే?"

జ్ఞానవతి గారు కిటికీవైపు చూసింది. చెప్పనా వద్దా అన్నట్టు. "కళ్ళు తెరిచి నన్ను చూసి, 'ఆంటీ, ప్లీజ్ డోంట్ టెల్ నానమ్మ' అందండీ. అని మళ్ళీ పడుకుండిపోయింది."

నాకు కోపమొచ్చింది. ఆవిడ మీదా, పిల్ల మీదా, నా మీదా, తెలియలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే కోపంగానే తుడుచుకున్నాను. వాళ్ళ నాన్నకి చెప్పొద్దు అనలేదు. స్కూలుకి చెప్పొద్దు అనలేదు. నానమ్మకి చెప్పొద్దంది. ఇంట్లో అందరికంటే దానికి భయం నేనన్నమాట. సీటు పోతుందని తెలుసు, కచేరీ పోతుందని తెలుసు. అవన్నీ వదిలేసి నేను లేపుతానని భయపడింది.

నా హాస్టల్లో రెండొందల మంది నాలుగున్నరకి లేచేవాళ్ళంటే, బాపట్లలో ఏడాది పొడుగునా ఆరింటికి తెల్లారుతుంది కనక లేచారు. రాత్రి తొమ్మిదికి కరెంటు తీసేసేదాన్ని కనక లేచారు. నా గంట చూసి కాదు. ఈ మాట రాయడానికి నాకు ఒళ్ళు మండుతోంది, అయినా రాస్తున్నాను.

జ్ఞానవతి గారి ఫోను తీసుకుని వంశీకి చెప్పాను, పిల్ల దొరికిందని. ఆవిడ రాత్రంతా నిలబడి వచ్చిన మనిషి. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. "మీరు దిగి ఇంటికెళ్ళండి, నేను కూర్చుంటాను" అన్నాను. "తల తీస్తే లెగుద్దండీ, ఉండనివ్వండి" అంది. నవంబర్ నుంచి ఆవిడతో మాట్లాడలేదు నేను. ఆ సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బయట ఎండొచ్చింది. పిల్ల మొహం మీద పడుతుంటే నా పమిట అడ్డం పెట్టాను. అటు చివరిదాకా వెళ్ళి ఇటు చివరికి వచ్చాం, ముగ్గురం.

ఇంటికొచ్చి కోటు విప్పి మళ్ళీ మంచమెక్కింది. మధ్యాహ్నం మృదుల వచ్చింది, దాని నుదురు ముట్టుకుని చూసింది, కింద కూర్చుంది. మూడయింది, ఐదయింది. పిల్ల కదల్లేదు. ఏడున్నరకి పొద్దుగూకింది.

నేను దీపం దగ్గరికెళ్ళాను. నూనె పోశాను. వత్తి వేశాను. అగ్గిపెట్టె తీశాను.

తియ్యడమే, పుల్ల గియ్యలేదు. అగ్గిపెట్టె బొడ్లో దోపుకుని వచ్చి హాల్లో కూర్చున్నాను. మృదుల లైటు వెయ్యబోతే "వద్దు" అన్నాను. అదేమనుకుందో ఏమో, వచ్చి నా పక్కన కూర్చుంది.

కాసేపటికి వంశీ వచ్చాడు ఆఫీసు నుంచి. బూట్లు విప్పుతూనే, "సీటు ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు. మెయిల్ వచ్చింది. ఏదీ ఇది? ఇంట్లో ఈ చీకటేంటి?" అని స్విచ్ మీద చెయ్యి వేశాడు. వేసిన చేతిమీద ఒక్కటిచ్చాను.

"అమ్మా!"

"లైటు వెయ్యకు. పిల్ల పడుకుంది."

"ఈ టైంలో పడుకోవడమేంటి? దీపాలు పెట్టే వేళ పడుకోకూడదని నువ్వే కదా దాన్ని రోజూ లేపేది!"

"దీపాలు పెట్టానా? ఏదీ, చూపించు. పెట్టలేదు. నేను దీపం పెట్టందే ఈ ఇంట్లో పొద్దుగూకినట్టు కాదు."

"అమ్మా, నీకేమైనా అయిందా? బయట చూడు, చీకటి పడిపోయింది."

"పడితే పడనీ. నిన్న ఎవడో తెల్లారకముందే ఒక గంట ఎత్తుకుపోతే చేతులు కట్టుకుని ఇల్లంతా తిరిగి గడియారాలు తిప్పావు కదరా. వాణ్ణి ఎందుకని అడిగావా? కచేరీ పోయింది, సీటు పోయింది, పిల్ల దిక్కులేనిదానిలా ట్రైన్‌లో పడి నిద్రపోయింది. అడిగావా? వాళ్ళు గంట జరిపితే లేని తప్పు నేను సంధ్య జరిపితే వచ్చిందా? కూర్చో నోరుమూసుకుని."

"నేను అప్పుడే నో వేశాను" అంది మృదుల చీకట్లోంచి.

"నువ్వూ నోరుముయ్యి. ఇద్దరూ ఓట్లేసుకున్నారే గానీ, ఆ పిల్లకి ఎప్పుడు నిద్రొస్తుందని ఒక్కరడగలేదు. నేనూ అడగలేదు. అదే అడిగింది డిసెంబర్‌లో, గొంతు పగిలేట్టు. నేను మొహాన నీళ్ళు కొట్టాను."

వంశీ కూర్చున్నాడు. కాసేపటికి ఆకలన్నాడు. మృదుల ఫ్రిజ్ తలుపు తీసింది. అందులో లైటు వెలిగింది. వంశీ నావైపు చూశాడు. అది దీపం కింద లెక్కలేదులే అన్నాను. పెరుగన్నం కలిపి ముగ్గురం చీకట్లోనే తిన్నాం. సీటు సంగతి రేపు చెప్పొచ్చు అన్నాను. వాడు గిన్నెలు తీసి సింకులో పెట్టాడు.

ఇవాళ లేపలేదు.

ఎనిమిది దాటాక, సూర్యుడు కిటికీలోకి వచ్చాక, దానంతటదే లేచి వచ్చింది. జుట్టంతా మొహం మీద. వంటింటి గుమ్మంలో నిలబడి అయోమయంగా చూసింది. "నానమ్మా, ఈజ్ ఇట్ మార్నింగ్ ఆర్ ఈవినింగ్?"

"దీపం పెట్టలేదింకా. ఆగు" అన్నాను. పుల్ల గీసి నిన్నటి దీపం అప్పుడు పెట్టాను.

సీటు సంగతి నేనే చెప్పాను. నేలమీద కూర్చుని ఏడ్చింది, చాలాసేపు. నేనూ పక్కన చతికిలబడ్డాను. ఊరుకోమ్మా అనలేదు. ఎందుకు ఊరుకోవాలి? డిసెంబర్‌లో నీళ్ళు చల్లినదానికి నన్ను క్షమించమని అడిగాను. తెలుగులో అడిగితే అర్థమైందో లేదోనని ఇంగ్లీషులో కూడా అడిగాను, సారీ అని. తల ఊపింది.

తర్వాత మొహం తుడుచుకుని, "కెన్ ఐ గో బ్యాక్ టు స్లీప్?" అంది. అడగడానికే భయపడుతూ అడిగింది.

ఎదురుగా దీపం వెలుగుతోంది. కిటికీ నిండా ఎండ. పొద్దెక్కాక పడుకోకూడదు, దీపం పెట్టాక పడుకోకూడదు.

"పోయి పడుకో" అన్నాను.

దాని గది తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఇది రాస్తున్నాను. మెట్ల మీద వంశీ అడుగుల చప్పుడవుతోంది. రానీ, చూస్తాను ఎలా లేపుతాడో.